సందు లేకుండా పేర్చిన బంతులు

"నాలుగింటికి వాణ్ణి జడ్జి ముందు నిలబెడతాను వదినా. అప్పటిదాకా మీ ఇష్టం. ఆ తర్వాత మీ అనుమానాలన్నీ జడ్జిగారికే చెప్పుకోండి."

ఇన్‌స్పెక్టర్ చేతిగడియారం నా ముఖం ముందు పెట్టి మరీ అన్నాడు. నా భర్తకి స్వయానా తమ్ముడు. పదిమందిలో ఉంటే నన్ను మేడమ్ అంటాడు, వెటకారం చెయ్యాలనిపిస్తే వదినా అంటాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో లెక్కలు రాక నా పక్కన కూర్చుని ముక్కు చీదిన మనిషి, ఇవాళ నాకు గడువు పెడుతున్నాడు. ఒళ్లు మండింది.

"గడియారం నాకూ ఉంది మరిదిగారూ. ముందు తలుపు తీయించు."

సీలు తీశాక, టేబుల్ మీది బంతుల్ని కర్రతో కొట్టి ఆడే ఆ పూల్ హాల్లోకి నలుగురం వెళ్లాం. ముందు అతను, వెనక నేను, నా వెనక హాలు యజమాని అల్లుడు, అందరికన్నా చివర నా క్లయింటు.

పొద్దున ఈ హాలు తెరవకముందే ఎవరో దీని యజమాని తల పగలగొట్టారు. ఇక్కడ ఆడేవాళ్లంతా ఆయన్ని పెద్దాయన అంటారు. ఇప్పుడాయన ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. పడి ఉన్న మనిషిని మొదట చూసిందీ, అంబులెన్సుకి ఫోన్ చేసిందీ బుల్లెట్ అనే ఆటగాడు. బ్రేక్, అంటే ఆట మొదలుపెట్టే తొలి దెబ్బ, కొడితే బంతులు పరుగెత్తే వేగం చూసి జనం పెట్టిన పేరది. సాయంత్రం ఇదే హాల్లో అతను ఫైనల్ ఆడాలి, గెలిస్తే జట్టులో చోటు. ఆడాల్సినవాడు ఇప్పుడు లాకప్‌లో కూర్చున్నాడు.

నా క్లయింటు అతని అక్క. టైలరు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి కుట్టుమిషను తొక్కి పెంచింది. మధ్యాహ్నం నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, "మా వాడు చెయ్యెత్తి ఎవర్నీ కొట్టినవాడు కాదు మేడమ్" అంది. వెంటనే, "టేబుల్ మీద బంతులు ఇంకా అలాగే ఉన్నాయా?" అని అడిగింది. హాలుకి వస్తానని పట్టుబట్టింది. కంగారులో ఉన్నవాళ్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు కదా అనుకున్నాను.

బంతులు అలాగే ఉన్నాయి. మొదటి టేబుల్ మీద ముదురు నీలం గుడ్డ, దాని మీద ఒక చివర త్రికోణంగా పేర్చిన పదిహేను బంతులు. కొట్టడానికి సిద్ధంగా పెట్టిన ఆట. ఆ పక్కనే నేల మీద పెద్దాయన పడిన చోట సుద్దతో గీత గీశారు.

"వినండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బుల్లెట్ ప్రాక్టీసుకి వస్తాడని పెద్దాయన పక్క తలుపు తీసి ఉంచుతాడు. వాడొచ్చాడు, బంతులు పేర్చుకున్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. చేతిలో ఉన్న క్యూ కర్ర తిరగేసి కొట్టాడు. క్యూ ఇక్కడే, మనిషి పక్కనే దొరికింది. తర్వాత భయమేసి తనే ఫోన్ చేశాడు."

"డాక్టర్ ఏమన్నాడు?"

"గాయం లోతుగా ఉందన్నాడు."

"పూర్తిగా చెప్పు అబ్బాయ్. ఆ డాక్టర్‌తో నేనూ మాట్లాడాను. మూల ఉన్న వస్తువు తగిలిందన్నాడు. క్యూ కర్ర గుండ్రంగా ఉంటుంది. దానికి మూలెక్కడిది?"

"పడేటప్పుడు టేబుల్ మూల తగిలి ఉంటుంది."

"ఈ టేబుల్ మూలలన్నిటికీ పాకెట్లు, వాటికి తోలు తొడుగులు. తోలు తగిలి తల చీలుతుందా?"

అతను మీసం మీద చెయ్యేశాడు. జవాబు లేనప్పుడు మీసం దువ్వుకోవడం మా అత్తగారింట్లో మగవాళ్లందరికీ ఉన్న జబ్బు. అతను దువ్వుకుంటూ ఉండగా నేను అల్లుడి వైపు తిరిగాను. కౌంటర్ చూసుకునేది ఇతనే.

"మీకూ మామగారికీ పడదట కదా?"

"అల్లుడికీ మామకీ పడితే పేపర్లో వేస్తారండీ."

"పొద్దున ఎక్కడున్నారు?"

"మా పాపని స్కూల్లో దింపి అక్కడే పేరెంట్స్ మీటింగులో కూర్చున్నాను. పాపని కాదు, నన్నే తిట్టింది టీచరు. కనుక్కోండి."

"నేను కనుక్కున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిజంగానే తిట్టింది."

"నిన్న సాయంత్రం బుల్లెట్‌కీ పెద్దాయనకీ గొడవ దేని గురించి?"

"రాక్ గురించండీ," అన్నాడు అల్లుడు, గోడ వైపు చూపిస్తూ. మూడు మేకులకి మూడు చట్రాలు వేలాడుతున్నాయి. బంతుల్ని ఒక్కచోటికి చేర్చి త్రికోణంగా పేర్చేది వీటితోనే. "ఫైనల్‌కి ఏది వాడాలో తేల్చడానికి మామగారు మూడింటితోనూ పేర్చి చూశారు. పసుపు ప్లాస్టిక్‌ది వంగుతుంది. నల్లదాని మూలలు అరిగిపోయాయి. చెక్కదానితో పేర్చి టార్చి వేసి చూస్తే బంతికీ బంతికీ మధ్య వెంట్రుకవాసి సందు లేదు. అదే ఖాయం అన్నారు."

"సందు ఉంటే ఏమవుతుంది?"

దానికి జవాబు అక్క దగ్గర్నుంచి వచ్చింది. "దెబ్బ చచ్చిపోతుంది మేడమ్. బంతులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే కొట్టిన బలం చివరి వరసదాకా పోతుంది. మధ్యలో సందుంటే అక్కడే ఆగిపోతుంది. ఎంత ఆటగాడైనా గుంపు చెదరదు."

"ఆట మీకూ బాగా తెలుసే."

"పేర్చడం తెలుసు. వాడికి ఓపిక ఉండదు. చిన్నప్పట్నుంచీ వాడికి నేనే పేర్చిపెడతాను." అంతలోనే మొదటి టేబుల్ వైపు అడుగేసింది. "ఆ బంతులు తీసేయనా మేడమ్? చూడలేకపోతున్నాను."

"ముట్టుకోవద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కసురుతూ. ఆవిడ వెనక్కి తగ్గింది. ఎండాకాలం, పైగా కరెంటు లేదు. మేమంతా చెమటలు కక్కుతుంటే ఆవిడ మాత్రం మణికట్టుదాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఉంది.

"అయితే గొడవ?" అని అల్లుణ్ణి మళ్లీ అడిగాను.

"మామగారు చెక్కది ఖాయం అనగానే బుల్లెట్ జేబులోంచి షీటు తీశాడండీ. కాగితంలా పల్చగా ఉంటుంది, వరసగా కన్నాలుంటాయి. దాన్ని పరిచి బంతులు పెడితే వాటంతటవే కుదురుకుని అతుక్కుంటాయి. చేత్తో నొక్కాల్సిన పని లేదు. బ్రేక్ కొట్టి బంతులు చెదిరాక షీటు లాగేస్తారు. మామగారికి అది కనిపిస్తే పూనకమే. నా హాల్లో చెక్కతోనే ఆడాలి, ఈ దొంగ వేషాలు కుదరవు అని అందరి ముందూ చింపేశారు."

"చింపిన ముక్కలు చెత్తబుట్టలో దొరికాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతిలోని ఫైలు మీద కొడుతూ. "కారణం దొరికింది, కర్ర దొరికింది, మనిషి దొరికాడు. ఇంకేం కావాలి వదినా?"

"వేలిముద్రలు. తీయించావా?"

"గదంతా తీయించాం. పసుపు రాక్ మీద ఊళ్లో సగం మందివి ఉన్నాయి."

"చెక్కదాని మీద?"

"ఏమీ దొరకలేదు."

అన్నాక అతనికే వినిపించింది తన మాట. నేను మాత్రం ఎందుకు ఊరుకుంటాను?

"నిన్న సాయంత్రం పెద్దాయన అంతసేపు పట్టుకున్న చట్రం మీద ఆయన వేలిముద్ర ఒక్కటీ లేదా? నువ్వు పోలీసు ఉద్యోగం చేస్తున్నావా, వేలిముద్రలు లేని వస్తువులకి మంచి నడవడి సర్టిఫికెట్లు ఇస్తున్నావా? ఎవరో తుడిచారు, అబ్బాయ్. తుడిచి, అలవాటు కొద్దీ మేకుకి తగిలించారు."

వంటింట్లో వాడే రబ్బరు తొడుగులు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. వేసుకుని చట్రం దించాను. చూడటానికి దిట్టంగానే ఉంది. పగులు లేదు, మరక లేదు. పేర్చి చూస్తేగానీ తేలదు. రెండో టేబుల్ మీద బంతులు వేయించాను. ఇంకో జత తొడుగులు అక్కకి ఇచ్చి, "ఎలా పేరుస్తారో చూపించమ్మా" అన్నాను.

ఆవిడ తటపటాయించి తొడుక్కుంది. బంతుల్ని చట్రంలోకి నింపి ముందుకి జరిపింది. ఎడమచేతి వేళ్లు లోపలికి వంచి చివరి వరసని ముందుకి నొక్కింది. కుడిచేతిని మాత్రం చట్రం మీద అలా ఆనించి ఉంచింది. తర్వాత కదలకుండా చట్రం పైకెత్తింది.

టార్చి వేశాను. కుడివైపు రెండు బంతుల మధ్య వెలుతురు సన్నగా దూరింది.

"నిన్న ఇలా లేదండీ!" అన్నాడు అల్లుడు.

"ఆడవాళ్లు పేరిస్తే అంతే," అంటూ ఇన్‌స్పెక్టర్ తొడుగులు లాక్కుని తనే దిగాడు. రెండు చేతులా వేళ్లు వంచి, పళ్లు బిగించి నొక్కాడు. ఎత్తాడు. అదే చోట, అదే సందు. అల్లుడు నవ్వాపుకోవడానికి దగ్గాడు.

చట్రాన్ని నా చేతిలోకి తీసుకుని రెండు పక్కల నుంచీ లాగాను. కుడి మూల అతుకు చిగుళ్లు విడిచిన పన్నులా కదిలింది. వదిలితే మూసుకుంటోంది, లాగితే తెరుచుకుంటోంది. ఆ అతుకు లోపల, గుడ్డతో ఎంత తుడిచినా అందని చోట, నల్లగా ఎండిన గీత.

"నిన్న బిగువుగా ఉన్న చట్రం ఇవాళ ఎందుకు వదులైంది? దీని మూలతో ఒక తల మీద కొట్టారు కాబట్టి," అన్నాను. "నీ కర్ర కాదు, నీ టేబుల్ మూల కాదు. ఇది."

ఇన్‌స్పెక్టర్ చట్రాన్ని సంచిలో వేయించి సీలు చేయించాడు. ఓడిపోయిన ముఖం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

"సరే, ఆయుధం ఇదే. కొట్టింది వాడు కాదని ఎలా అంటారు? కర్రతో కొట్టినవాడు చెక్కతో కొట్టలేడా? చట్రంతో బంతులు పేర్చుకున్నాడు, అదే చట్రంతో కొట్టాడు. మీరు నా కేసు ఇంకా గట్టి చేశారు వదినా. థ్యాంక్స్."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. వెనక నుంచి అక్క అందుకుంది. "మేడమ్, వాడు కాదు. వాడి జీవితమంతా ఈ ఆటే. వాడు జైలుకెళ్తే నేనెందుకింక?"

గోడ గడియారం మూడున్నర దాటింది. నాకు మిగిలింది మొదటి టేబుల్ ఒక్కటే.

వంగి, బంతుల పక్కనుంచి టార్చి వేశాను. సందు లేదు. పదిహేను బంతులూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. కొట్టకముందు చట్రం బిగువుగానే ఉంది కాబట్టి దానితోనే పేర్చారని ఇన్‌స్పెక్టర్ అంటాడు. టార్చిని పైకెత్తి, మూడు బంతులు కలిసే చోట నిటారుగా వేశాను. అక్కడ గుడ్డ కనిపించాలి. గుడ్డ మెరవదు. కానీ లోపల ఏదో మెరిసింది.

"బంతుల కింద ఏదో ఉంది."

ఇన్‌స్పెక్టర్ కూడా వంగి చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది. "షీటు! వాడి దగ్గర ఇంకోటి ఉందన్నమాట. బ్రేక్ కొడితేగానీ తియ్యరు కదా, ఇక్కడే మర్చిపోయాడు వెధవ! నా మనుషులు ఫొటోలు తీశారుగానీ బంతి కదపలేదు. మీరు కూడా ముట్టుకోకండి. వాణ్ణి అడిగించి వస్తాను."

ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. అల్లుణ్ణి మంచినీళ్లకి పంపించాను. ఫొటోలు అయిపోయాయని ఇన్‌స్పెక్టరే చెప్పాడు. ఇంక ఆగడం నా వల్ల కాలేదు. బంతులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, కింద ఉన్నదాన్ని అంచు పట్టుకుని ఎత్తాను.

కొన్న షీటు కాదది. ఎవరో ఇంట్లో కత్తిరించుకున్నది. నల్లటి, గట్టి ఫిల్ము. ఎక్కడా గీత పడలేదు, సుద్దపొడి అంటలేదు. దాని మీద ఇంతవరకూ ఒక్క బ్రేక్ కూడా కొట్టలేదు. కన్నాల అంచుల వెంట సూదిమొనంత చుక్కలు వరసగా ఉన్నాయి. జాకెట్టు గుడ్డ మీద కొలత దించడానికి టైలర్లు దొర్లించే పళ్లచక్రం గుర్తులవి. నా జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గర ఎప్పుడూ చూసేవే.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టాను. ఎక్స్‌రే. కన్నాల మధ్య మిగిలిన చోట ఒక మనిషి మణికట్టు, దాని మీద తెల్లటి లోహపు పట్టీ, స్క్రూలు.

తిరిగి చూశాను. అక్క ఫిల్ము వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది. బంతులు ఇంకా అలాగే ఉన్నాయా అని ఎందుకడిగిందో, తీసేయనా అని ఎందుకు ముందుకొచ్చిందో, ఎండలో చేతుల గుండీలు ఎందుకు విప్పలేదో అన్నీ ఒకేసారి నా బుర్రలోకి దిగాయి.

"ఇందాక పేర్చినప్పుడు ఎడమచేత్తోనే నొక్కావమ్మా," అన్నాను. "కుడి మణికట్టు వంగదు, కదా? చట్రంతో బిగించాలంటే రెండు చేతులూ వంగాలి. వంగనివాళ్లకి ఈ షీటే గతి."

ఆవిడ గుండీలు విప్పింది. మణికట్టు లోపలివైపు నిలువుగా పాత కుట్ల మచ్చ.

"వాడి షీటు ఆయన చింపేశాడు," అంది మెల్లగా. "వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. ప్రాక్టీసుకైనా బిగువుగా పేర్చిపెడదామని ఇది కత్తిరించాను. వాడికి చెప్పలేదు. వాడు లేచేలోపు వచ్చి పేర్చి వెళ్లిపోదామనుకున్నాను. పేర్చడం అయిపోయింది. అప్పుడే పెద్దాయన వచ్చాడు. టార్చి వేసి బంతుల కింద షీటు చూసి చెక్క చట్రం తెచ్చి టేబుల్ మీద విసిరాడు. అక్కా తమ్ముళ్లిద్దరూ దొంగలే అన్నాడు. ఫైనల్ నుంచి వాడి పేరు కొట్టేయిస్తానని ఫోన్ తీశాడు. ఆ ఫోన్ ఆపాలనుకున్నాను మేడమ్. అంతే. చేతికి చట్రం దొరికింది."

"అంబులెన్సుకి నువ్వెందుకు చెయ్యలేదు?"

"చనిపోయాడనుకున్నాను. తుడిచి, తగిలించి, పారిపోయాను. కాసేపటికి వాడు వస్తాడన్న సంగతి సందు చివరికి వెళ్లాక గుర్తొచ్చింది. వెనక్కి వస్తుంటే అంబులెన్సు కనిపించింది."

"నన్నెందుకు పెట్టుకున్నావు మరి?"

"వాణ్ణి విడిపిస్తారని. షీటు నేను తీసేసుకుంటాననుకున్నాను. చట్రం దగ్గర మీరు ఆగిపోతారనుకున్నాను." నా చెయ్యి పట్టుకుంది. వంగని మణికట్టుతోనే, నొప్పి పుట్టేలా పట్టుకుంది. "రెండ్రోజులు ఆగండి మేడమ్. పెద్దాయన లేస్తే తనే చెప్తాడు కొట్టింది వాడు కాదని. నేను లోపలికెళ్తే వాడికి ఎవరున్నారు? అన్నం పెట్టేదెవరు?"

నాకు జాలి వేసింది, కోపం వచ్చింది. నా దగ్గరికొచ్చి అబద్ధం చెప్పిన క్లయింట్లంటే నాకు అసహ్యం. ఈవిణ్ణి అసహ్యించుకోవడం మాత్రం చేత కావడం లేదు. తలుపు చప్పుడైంది. ఫిల్మును చప్పున చీర కొంగు చాటుకి తీసుకున్నాను. ఎందుకలా చేశానని ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఇన్‌స్పెక్టర్ దాదాపు గెంతుతూ వచ్చాడు.

"అయిపోయింది వదినా! పొద్దున్నుంచి నాకేం తెలీదు, నాకేం తెలీదు అన్న వెధవ, బంతుల కింద షీటేదో దొరికిందట అని మా హెడ్ కానిస్టేబుల్ అనగానే లేచి నిలబడ్డాడట. నేనే కొట్టాను, షీటు నాదే, ఇంక ఆ బంతులు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి అన్నాడట. అక్కడే సంతకం పెట్టేశాడు."

నాకు అర్థమైంది. పొద్దున తలుపు తోసుకుని లోపలికొచ్చిన బుల్లెట్ పడి ఉన్న పెద్దాయన్ని చూసి చేతిలో క్యూ వదిలేశాడు, టేబుల్ మీద బంతుల్ని చూశాడు. చిన్నప్పట్నుంచీ తనకి అంత బిగువుగా పేర్చిపెట్టిన చేతిని అతను పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? కింద ఏముందో తెలియకపోయినా ఎవరు పేర్చారో తెలుసు. అందుకే పొద్దున్నుంచి ఎవరి మీదా అనుమానం చెప్పలేదు. బంతుల కింద ఏదో దొరికిందని వినగానే నేరం నెత్తిన వేసుకున్నాడు.

అక్కకి కూడా అర్థమైంది. ముఖం తెల్లబోయింది.

"టైము చూసుకున్నారా? ఇంకా నాలుగు కూడా కాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నాతో. "ఏదీ, ఆ షీటు ఇవ్వండి. తీసే ఉంటారు, నాకు తెలీదా మీ సంగతి?"

నా చెయ్యి కొంగు చాటు నుంచి కదల్లేదు. అక్క రెండడుగులు వేసి నా ముందుకొచ్చింది. నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి ఫిల్ము తీసుకుంది. ఇన్‌స్పెక్టర్ ఫైలు మీద పరిచింది. దాని పక్కన, జాకెట్టు చెయ్యి పైకి లాగి, మచ్చ పైకి కనిపించేలా తన కుడిచెయ్యి పెట్టింది.

"వాణ్ణి వదిలేయండి సార్," అంది. "ఇది నా చెయ్యి."